బూట్లకు పటం కట్టిస్తే: హన్మకొండ ఫ్రేమ్ షాపు డిస్‌ప్లే బాక్స్ ఎట్లున్నది?

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల దేవుడి పటాలు, పెండ్లి ఫొటోలు, సన్మాన పత్రాలు ఫ్రేమ్ కట్టే షాపుల్లో అడిగితే ఆటల బూట్లకు కూడా డిస్‌ప్లే బాక్స్ చేసిస్తారు. అట్లాంటి ఒక షాపు సోలుకు ఇనుప పిన్నులుండే పరుగు బూట్లకు, అంటే ఒక జత స్ప్రింట్ స్పైక్స్‌కు చేసిన బాక్స్ మీద ఈ రివ్యూ. షాపు పేరు అవసరం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పే మంచిచెడులు ఆ ఒక్క షాపువి కావు, ఫ్రేమ్ పని అలవాట్లవి. ముందే మార్కులు వేసేస్తే: బయటి పనికి ఐదుకు నాలుగున్నర. లోపలి పనికి, ఏమీ చెప్పకుండా వాళ్లకే వదిలేస్తే, ఒకటిన్నర. అదే లోపలి పని చీటీ మీద రాసిచ్చి చేయించుకుంటే నాలుగు.

వరంగల్‌లో ఇట్లాంటి పనికి గిరాకీ ఉండటం వింతేమీ కాదు. 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగింది హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోని సింథటిక్ ట్రాక్ మీదనే. పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్న అథ్లెట్ల) విభాగంలో కాంస్యం తెచ్చిన దీప్తి జీవాంజిది పర్వతగిరి మండలం కల్లెడ. ఇంకొంచెం దూరం పోతే బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ నిఖత్ జరీన్‌ది నిజామాబాద్. మెడల్‌ను, సర్టిఫికెట్‌ను దాచుకోవడం అందరికీ తెలుసు. పరిగెత్తిన బూటును దాచుకోవడమే కష్టం.

కష్టం ఎందుకంటే ఫ్రేమ్ కట్టేవాళ్ల చేతిలో ఉన్న విద్య అంతా పలుచని కాగితానికి సంబంధించింది. కాగితానికి బరువు ఉండదు, చెమట ఉండదు. బూటుకు బరువు ఉంటుంది, లోపల తేమ ఉంటుంది, రబ్బరు, ఫోము, తోలు, ఇనుము అన్నీ ఒకేచోట ఉంటాయి, ఒక్కొక్కటి ఒక్కో కారణంతో పాడవుతుంది. షాపు ఆ బూటును కూడా ఒక మందమైన ఫొటో అనుకొని గమ్ముతో అంటిస్తుంది. తప్పంతా అక్కడ మొదలవుతుంది.

ముందు మెచ్చుకోవాల్సినవి. మూలలు అద్భుతంగా కుదిరాయి. బీడింగ్‌ను, అంటే ఫ్రేము చుట్టూ వచ్చే పట్టీని, 45 డిగ్రీల కోణంలో మెషీన్‌తో కోసి, వెనుక నుంచి వి-ఆకారపు పిన్నులు దించి, సన్నని గీత కూడా కనిపించకుండా కలిపారు. గోల్డ్ లైను ఉన్న నల్ల ఫైబర్ బీడింగ్, రెండంగుళాల వెడల్పు. లోపలి కొలత 18 అంగుళాల వెడల్పు, 14 ఎత్తు, ఐదున్నర లోతు. యూకే 8 సైజు స్పైక్స్‌కు ఇది సరైన కొలత: బూటు పొడవు సుమారు పదకొండున్నర అంగుళాలు, రెండువైపులా మూడేసి అంగుళాల ఖాళీ. రెండు బూట్లు ఒకదాని మీద ఒకటి, మధ్యలో రెండంగుళాలు, పైనా కిందా రెండేసి. లోతు దగ్గర మాత్రం చాలామంది పొరపాటు పడతారు. పక్కకు తిప్పి పెట్టిన బూటుకు దాని వెడల్పే లోతు, అంటే నాలుగు అంగుళాలు. సోలు ముందుకు కనిపించేలా పెడితే బూటు ఎత్తు లోతవుతుంది, పిన్నుల పొడవుతో కలిపి నాలుగుంపావు దాకా పోతుంది. దాని ముందు ముప్పావు అంగుళమైనా ఖాళీ లేకపోతే పిన్నులు అద్దాన్ని గీకుతాయి. ఐదు అంగుళాల్లో ఇరుక్కుంటుంది, ఐదున్నర అడగండి.

ఒక బూటు పక్కకు, ఇంకొకటి సోలు చూపిస్తూ పెట్టమనే మా సలహా కూడా. స్పైక్స్ అందమంతా కింది ప్లేటులో, పిన్నుల వరుసలో ఉంటుంది. రెండూ పక్కకే పెడితే బూట్ల షాపు ర్యాక్ చూసినట్టే ఉంటుంది.

బీడింగ్ లెక్క రన్నింగ్ ఫుట్ మీద వేస్తారు. 18, 14 కలిపి రెట్టింపు చేస్తే 64 అంగుళాలే కదా అనిపిస్తుంది. కానీ మూల కోతలకు ప్రతి కర్రకూ రెండువైపులా బీడింగ్ వెడల్పంత అదనంగా పోతుంది, రెండంగుళాల బీడింగైతే మొత్తం 80 అంగుళాలు, అంటే ఆరు అడుగుల ఎనిమిది అంగుళాలు. బిల్లులో ఏడు అడుగులు వేస్తే న్యాయమే. పది అడుగుల కర్ర మొత్తానికి లెక్క కడితే మిగిలిన ముక్క ఇమ్మని అడగండి, నేమ్‌ప్లేటు చుట్టూ వేసుకోవచ్చు.

ముందుభాగానికి వాళ్లు మామూలుగా వేసేది సాదా అద్దం. ఇక్కడ మూడు మిల్లీమీటర్ల క్యాస్ట్ యాక్రిలిక్ అడిగి వేయించుకోవాలి. ఇదే కొలతకు మూడు మిల్లీమీటర్ల అద్దం కిలోకు పైన, దాదాపు కిలోంబావు తూగుతుంది, యాక్రిలిక్ 600 గ్రాములలోపే. పిల్లల బంతి తగిలినా పగిలి బూటు మీద పడదు. రెండు మిల్లీమీటర్ల షీటు ఈ సైజుకు వంగుతుంది, వద్దు. ఇక యాక్రిలిక్‌తో వచ్చే చిక్కు ఒకటుంది, ఈ షాపు అందులోనే దొరికింది: షీటును గాడికి బిర్రుగా కోశారు. యాక్రిలిక్ వేడికి సాగుతుంది. సంక్రాంతి నాటి తెల్లవారుజాముకూ మే నెల మధ్యాహ్నానికీ వరంగల్‌లో 30 డిగ్రీల తేడా వస్తుంది, ఆ తేడాకు 18 అంగుళాల షీటు ఇంచుమించు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. పెరగడానికి చోటు లేకపోతే మధ్యలో ఉబ్బి ముందుకు వస్తుంది, మూల పిన్నులు వదులవుతాయి. పొడవులో, ఎత్తులో రెండేసి మిల్లీమీటర్లు తక్కువ కోయమంటే చాలు, గాడి లోపల ఆ ఖాళీ కనిపించదు. షీటును వాళ్లు తెప్పించేది సైన్‌బోర్డులు చేసే వర్క్‌షాపు నుంచే, అక్కడ లేజర్‌తో కోసేముందే చెప్పాలి.

తుడవడం గురించి షాపువాళ్లు ఇచ్చిన సలహా తప్పు. నీలం రంగు గ్లాస్ క్లీనర్ కొట్టమన్నారు. అమోనియా ఉన్నదైనా, స్పిరిట్ ఉన్నదైనా యాక్రిలిక్ మీద సన్నని పగుళ్ల వల తెస్తుంది, ముఖ్యంగా లేజర్‌తో కోసిన అంచుల దగ్గర. రెండు చుక్కల షాంపూ కలిపిన నీళ్లు, మైక్రోఫైబర్ గుడ్డ. అంతకు మించి ఏదీ వద్దు.

ఇప్పుడు లోపలికి. కౌంటర్ దగ్గర మాట ఇట్లా నడుస్తుంది:

"అన్నా, బూటుకు గమ్ము పెట్టకు."

"గమ్ము పెట్టకపోతే ఎట్ల నిలుస్తది సార్? ఎంత ఫొటోనైనా గమ్ము లేకుండ కట్టం."

మొదటి నమూనా బాక్స్‌లో సోలుకు గ్లూగన్ గమ్ము నాలుగు చోట్ల, పక్కన డబుల్ టేపు. చూడటానికి దిట్టంగా ఉంది. కానీ గ్లూగన్ గమ్ము వేడికి కరిగేదే, ఎండాకాలం పడమటి గోడ మీద అది మెత్తబడి బూటు బరువుకు మెల్లగా జారుతుంది. జారేటప్పుడు ఊరికే జారదు, సోలు మీది పెయింటునో, ప్లేటు పొరనో పట్టుకొని జారుతుంది. పసుపు రంగు రబ్బరు గమ్ము ఇంకా ప్రమాదం, దాని ద్రావకం ఫోమును కరిగిస్తుంది. క్విక్ గమ్ము ఆవిరి మూసిన పెట్టెలో యాక్రిలిక్ లోపలివైపు తెల్లటి మసకగా పేరుకుంటుంది. నియమం ఒక్కటే: బూటుకు ఏ గమ్మూ తగలొద్దు. రేపు బయటికి తీస్తే బూటు మీద మచ్చ ఉండకూడదు.

మరి ఎట్ల నిలబెట్టాలి? బరువును ఆపేది కిందినుంచి ఒక ఆధారం, కదలకుండా ఆపేది దారం. రెండు వేరు పనులు.

ఆధారానికి ఎనిమిది మిల్లీమీటర్ల యాక్రిలిక్ రాడ్లు, ఒక్కో బూటుకు రెండు. ఒకటి మడమ కింద, ఒకటి ముందు పాదం వంగే చోట. పొడవు బూటు వెడల్పు కన్నా ఒక సెంటీమీటరు తక్కువ ఉంటే ముందునుంచి కనిపించవు. రాడ్డు మీద మెత్తని సిలికాన్ ట్యూబు తొడగాలి, ఆక్వేరియం షాపులో గాలి పంపుకు వాడే సన్న ట్యూబు ఎనిమిది మిల్లీమీటర్లకు పట్టదు, ఒక సైజు పెద్దది తీసుకోవాలి. వెనుక బోర్డులో రంధ్రం చేసి వెనుకవైపు నుంచి స్క్రూతో రాడ్డును బిగిస్తారు. స్క్రూకు ముందు రాడ్డులో డ్రిల్‌తో దారి చేయకపోతే యాక్రిలిక్ నిలువునా చీలుతుంది, షాపులో మొదటి రాడ్డు అట్లనే పోయింది.

దారానికి అర మిల్లీమీటరు మందం ఉన్న చేపల గాలం నైలాన్. లేసు కన్నాల్లోంచి మాత్రమే తీయాలి, బూటు చుట్టూ కట్టొద్దు, అప్పర్ (బూటు పైభాగం) మీద గీత పడుతుంది. వెనుక బోర్డులో రెండు మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు, సెంటీమీటరు ఎడంగా. రెండు కొసలూ వెనక్కి తీసి, చొక్కా గుండీ కన్నాల్లోంచి దూర్చి, గుండీ మీద ముడి వేయాలి. గుండీ లేకుండా బోర్డు మీదనే ముడి వేస్తే దారం బోర్డు అంచును కోసుకుంటూ వదులవుతుంది. నైలాన్‌కు మామూలు రెండు ముళ్లు ఆగవు, జారిపోతాయి. గాలం కట్టేవాళ్లలా ఐదారు చుట్లు తిప్పి, ముడి తడిపి, బిగించాలి. సోలు చూపించే బూటుకు దారం మూడు చోట్ల కావాలి: ముందు కన్నం, చివరి కన్నం, మడమ వెనుక లాగే పట్టీ ఉంటే అందులో ఒకటి. పట్టీ లేకపోతే మడమ దగ్గర మూడో రాడ్డు వేయించండి.

బూటు లోపల ఏమీ నింపకపోతే ఏడాదిలో ముందుభాగం కుంగుతుంది. న్యూస్‌పేపర్ ఉండలు చుట్టి పెట్టడం అందరి అలవాటు, కానీ ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది, సిరా అంటుకుంటుంది, తేమ పీలుస్తుంది. దిండ్లలో నింపే పాలియెస్టర్ దూదిని తెల్లని నూలు గుడ్డలో చుట్టి నింపితే సరి. గట్టిగా కూరొద్దు, కుట్లు తెగుతాయి.

వెనుక బోర్డు సంగతి ఎక్కువమంది పట్టించుకోరు, అసలు నష్టం అక్కడే. షాపు అలవాటుగా వేసేది ఎండీఎఫ్, అంటే చెక్కపొట్టును జిగురుతో కలిపి అదిమిన బోర్డు. ఎండీఎఫ్‌లోంచి ఫార్మాల్డిహైడ్, ఫార్మిక్ ఆమ్లం లాంటి ఆవిర్లు నెలల తరబడి వస్తాయి. గాలాడే గదిలో అది పెద్ద విషయం కాదు, 23 లీటర్ల మూసిన పెట్టెలో పెద్ద విషయమే: ఇనుప పిన్నులకు తుప్పు, తోలుకు ఎండుతనం. మార్గం షాపుకు దగ్గరలోనే ఉంది. సైన్‌బోర్డుల వాళ్ల దగ్గర మూడు మిల్లీమీటర్ల ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీటు ముక్కలు దొరుకుతాయి. రెండువైపులా అల్యూమినియం కాబట్టి ఆవిరి రాదు, తేమకు ఉబ్బదు, డ్రిల్ తేలిక. సన్‌బోర్డు మాత్రం వద్దు, అది పీవీసీ నురగ. పక్కలకు ప్లై తప్పదు, 12 మిల్లీమీటర్లది, ఎందుకంటే ఫైబర్ బీడింగ్ ఒక్కటే బరువు మోయలేదు. ఆ ప్లై లోపలివైపు ఏసీ పైపులకు చుట్టే అల్యూమినియం టేపు పూర్తిగా వేయించి, దాని మీద గుడ్డ కప్పించండి. సందులు నింపే సిలికాన్ కూడా చూసి కొనాలి. వెనిగర్ వాసన కొట్టే మామూలు రకం ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, ట్యూబు మీద న్యూట్రల్ అని ఉన్నదే తీసుకోవాలి. వేసిన తరువాత వారం ఖాళీ పెట్టెను తెరిచి ఉంచి, మళ్లీ ఒక రోజు మూసి తెరిస్తే వాసన రాకూడదు. వస్తే ఇంకా ఆరలేదని లెక్క.

వెనుక గుడ్డకు షాపులో మెరూన్ వెల్వెట్ ఇస్తారు, సన్మాన పత్రాల వెల్వెట్టే అది. తెల్ల బూటు వెనుక బాగుంటుంది, కానీ రంగు పోతుంది. తడిపిన తెల్ల గుడ్డతో పదిసార్లు రుద్ది చూస్తే మీకే తెలుస్తుంది. ఉతికిన కోరా గుడ్డ సురక్షితం. కొత్తవాడ దర్రీ ముక్క వేస్తే ఎట్లుంటుందని ఒకరిద్దరు అడుగుతుంటారు. వరంగల్ దర్రీ వెనుక వరంగల్ బూటు, చూడముచ్చటగానే ఉంటుంది, నేతలోంచి దారం దూర్చడం కూడా సులువు. కాకపోతే మందం కలుపుకొని లోతు ఆరు అంగుళాలకు పెంచాలి, ఇదే రుద్దుడు పరీక్ష ప్రతి రంగుకూ చేయాలి.

బూటును షాపుకు ఇచ్చేముందు ఇంట్లో చేయాల్సింది కొంత ఉంది, షాపు చేయదు, చేయనివ్వొద్దు కూడా. పొడి బ్రష్‌తో మట్టి దులపాలి. సంతకం ఉన్న బూటైతే తడి ఏదీ తగలొద్దు, శానిటైజర్ చేతితో ముట్టుకున్నా మార్కర్ సిరా లేచిపోతుంది. సంతకం మీద వార్నిష్ స్ప్రే కొట్టిస్తే కాపాడినట్టు కాదు, అందులోని ద్రావకానికి సిరా పాకుతుంది. నీడలో ఫ్యాను కింద మూడు రోజులు ఆరాలి, వానాకాలమైతే వారం. తోలు క్రికెట్ బూట్లు, ఫుట్‌బాల్ బూట్లు సగం ఆరినవి పెట్టెలో పెడితే ఆషాఢం దాటకముందే బూజు. స్పైక్స్ పిన్నులు కీతో విప్పి, తుడిచి, మరలకు ఒక చుక్క మిషన్ నూనె రాసి, నూనె మిగలకుండా తుడిచి మళ్లీ బిగించాలి. పోటీలో ఛాతీకి పెట్టుకునే బిబ్ నంబరు కూడా పెట్టాలనుకుంటే దానికి ఉన్న పిన్నీసులు తీసేయండి, తుప్పు మరక గుడ్డలోకి దిగితే పోదు. బిబ్‌తో కలిపితే పెట్టె ఎత్తు 24 అంగుళాలకు పెరుగుతుంది.

ఇంకో అలవాటు: పురుగు పట్టకుండా కలరా ఉండలు వేయడం. వద్దు. నాఫ్తలీన్ ఆవిరి ఫైబర్ బీడింగ్‌నే మెత్తబరుస్తుంది, అది పాలీస్టైరీన్ కాబట్టి. కావాల్సింది సిలికా జెల్, ఈ పెట్టెకు 100 గ్రాములు, నారింజ రంగుది. తేమ పీల్చి ఆకుపచ్చకు తిరిగితే ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. జెల్ పెట్టడానికి కింది పలకలో వెనుకనుంచి తెరుచుకునే చిన్న అర చేయించుకోవాలి. ఈ షాపు ఆ అరను అడగ్గానే అర్థం చేసుకొని చక్కగా చేసింది, చిన్న అయస్కాంతపు తలుపుతో సహా. అక్కడ మాత్రం పూర్తి మార్కులు.

వెనుక బోర్డును వాళ్లు మేకులు కొట్టి, గోధుమరంగు టేపు అంటించి మూసేస్తారు. బూటు లోపల కట్టి ఉండగా సుత్తి దెబ్బలు పడటం ఒక తప్పు, మళ్లీ తెరవాలంటే పీకాల్సి రావడం ఇంకో తప్పు. ఎనిమిది స్క్రూలు వేయించండి, పక్కకు రెండేసి చొప్పున. కొంచెం గొణుగుతారు, వేస్తారు.

నేమ్‌ప్లేటు మీద తెలుగు కావాలంటే అచ్చు చూసే ఒప్పుకోవాలి. వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ తెలుగు వాళ్లు వాడే అను అనే పాత తెలుగు ఫాంటులోకి మారేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, స్పైక్స్ కాస్తా ఇంకేదో అవుతుంది. ఏం రాయాలన్నది ఇంకా ముఖ్యం. పేరు, ఊరు మాత్రమే రాస్తే ఇరవై ఏండ్ల తరువాత చూసేవాళ్లకు ఏమీ తెలియదు. పోటీ, ట్రాక్, తేదీ, టైమింగ్ నాలుగూ ఉండాలి. హన్మకొండ ట్రాక్ మీద 2021 సెప్టెంబరు 16న హర్మిలన్ బెయిన్స్ 1500 మీటర్లను 4:05.39లో పరిగెత్తి జాతీయ రికార్డు తిరగరాసింది. అట్లాంటి పరుగును ప్లేటు మీద రాయాల్సి వస్తే ఆ దశాంశాలే అందులో ప్రాణం. ఇత్తడి ప్లేటు లోపల పెడితే నల్లబడుతుంది, లేజర్ చెక్కిన యాక్రిలిక్ మేలు.

లోపల లైటు పెట్టమని షాపు అడుగుతుంది, ఎల్ఈడీ స్ట్రిప్‌కు అదనం తీసుకుంటుంది. వేడి, వైరు రంధ్రం, దుమ్ము. అక్కర్లేదు.

కొన్ని బూట్లకు ఈ డబ్బు దండగ. పాత బూట్ల మధ్య సోలు పాలీయురేథేన్ ఫోముదైతే, తేమతో అది లోపల్లోపలే విరిగిపోతుంది, వాడకుండా దాచినా ఆగదు. బొటనవేలితో నొక్కితే గుంట అట్లనే ఉండటం, జిగటగా తగలడం, పొడి రాలడం గుర్తులు. ఆ దశలో ఏ పెట్టె పెట్టినా సోలు రాలేదాకా చూడటమే. నాలుగువైపుల నుంచి మంచి ఫొటోలు తీయించి, అప్పర్‌ను మాత్రం దాచుకోవచ్చు. ఈవీఏ అనే ఇంకో రకం ఫోముకు ఈ జబ్బు లేదు, గట్టిపడి కొంచెం ముడుచుకుంటుంది అంతే. ఇప్పటి స్పైక్స్‌లో, చాలా ఫుట్‌బాల్ బూట్లలో భయం లేదు.

బాక్స్ అంతా కలిపి నాలుగైదు కిలోలు తూగుతుంది. షాపు వెనుక ఒకే హుక్కు, మధ్యలో తీగ వేసిచ్చింది. రెండు డీ-రింగులు పక్క ప్లైకి బిగించమని తిరిగి ఇవ్వాలి. గోడకు ఎనిమిది మిల్లీమీటర్ల ప్లగ్గులు రెండు, ప్లాస్టర్ దాటి ఇటుకలోకి దిగేంత లోతుగా. పడమటి గోడ, వంటింటి గోడ, బాత్రూము అవతలి గోడ తప్ప ఏదైనా పర్లేదు. తీసుకునే రోజు కౌంటర్ దగ్గరే బాక్స్‌ను నిలువుగా పట్టుకొని రెండుసార్లు మెల్లగా కుదపండి, లోపల చప్పుడు వస్తే అక్కడే విప్పించండి. వారం గడువు చెప్తారు, పెండ్లిళ్ల సీజన్‌లో ఆల్బమ్ ఫ్రేముల కింద పడి అది మూడు వారాలవుతుంది.